75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష: ఒకే గర్భిణికి రెండు రిపోర్టులు, ఏది లెక్క?

బ్రాడీపేట_ల్యాబ్ (గుంటూరు)

అందరికీ నమస్కారమండీ. ల్యాబ్ వైపు నుంచి అడుగుతున్నాను. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు మమ్మల్నే నిలదీస్తారు కాబట్టి కాస్త వివరంగా తెలుసుకోవాలని ఉంది.

వివరాలివి. మొదటి కాన్పు, గర్భానికి ముందు బరువు 61 కిలోలు. 11వ వారంలో పీహెచ్‌సీలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే 118. 26వ వారంలో మళ్లీ అదే పద్ధతి, టిఫిన్ తిన్నాకే చేశారు, 138 వచ్చింది, నార్మల్ అని రాశారు. నాలుగు రోజులకి విజయవాడలో డాక్టరమ్మ గారు పరగడుపున మొదలుపెట్టి మూడు శాంపిళ్లు తీయించారు: ఫాస్టింగ్ 96, గంటకి 171, రెండు గంటలకి 136. ఈసారి రిపోర్టులో "గర్భధారణలో షుగర్" అని ఉంది. 29 వారాల స్కాన్‌లో తల 48వ పర్సంటైల్ (అన్ని వారాలే నిండిన వందమంది బిడ్డల్లో చిన్న నుంచి లెక్కిస్తే 48వ స్థానం), తొడ ఎముక 45, పొట్ట చుట్టుకొలత మాత్రం 82. అంచనా బరువు 1,420 గ్రాములు.

ఇంట్లో వాళ్ల వాదన: "రెండు గంటలది రెండుసార్లూ 140 లోపే కదా, లేని షుగర్ అంటగడుతున్నారు." ఇంకో అనుమానం మాది. ఆ ఫాస్టింగ్ శాంపిల్‌ని ఉదయం 7 గంటలకి కలెక్షన్ సెంటర్‌లో తీశారు, మెయిన్ ల్యాబ్‌కి చేరేసరికి 9:30 అయింది. బూడిద రంగు మూత ట్యూబే. ఈ ఆలస్యం వల్ల 96 అని తప్పుగా ఎక్కువ వచ్చే వీలుందా? బిడ్డ బరువు మామూలుగానే ఉన్నప్పుడు పొట్ట ఒక్కటీ 82 ఉంటే దాన్ని పట్టించుకోవాలా?

—

కాన్పులగది (విజయవాడ)

రెండు రిపోర్టులూ కరెక్టేనండీ. కొలబద్దలు వేరు, అంతే.

పీహెచ్‌సీలో వాడేది భారత ప్రభుత్వ 2018 మార్గదర్శకాల పద్ధతి. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ 300 మి.లీ. నీళ్లలో కలిపి 5–10 నిమిషాల్లో తాగించాలి, రెండు గంటలకి ఒకే ఒక్క శాంపిల్. 140 గానీ ఆపైన గానీ వస్తే షుగర్ కింద లెక్క. మొదటి విజిట్‌లో ఒకసారి, అది మామూలుగా ఉంటే 24–28 వారాల మధ్య ఇంకోసారి. రెండింటికీ నడుమ కనీసం నాలుగు వారాల ఎడం. పెదనందిపాడు నుంచి తొలి బస్సు ఎక్కి వచ్చే గర్భిణిని పరగడుపున కూర్చోబెట్టి మూడుసార్లు సూది గుచ్చుతామంటే తర్వాత విజిట్‌కి రాదు. అందుకే ఆ సులువు. ఊరూరా అందరికీ చేయాల్సిన పరీక్షగా దాన్ని నేను తప్పుపట్టను.

దానికి కనబడనిది ఒకటే, ఫాస్టింగ్.

విజయవాడ రిపోర్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో తీసుకున్న ప్రమాణాలతో రాసింది: ఫాస్టింగ్ 92, గంటకి 180, రెండు గంటలకి 153. ఈ మూడింట్లో ఏ ఒక్కటి అందుకున్నా చాలు. ఇక్కడ ఫాస్టింగ్ 96, అంటే 92 గీత దాటేసింది, మిగతా రెండూ లోపలే ఉన్నాయి. ఈ అంకెల వెనక 2008లో వచ్చిన హాపో అధ్యయనం ఉంది. తొమ్మిది దేశాల్లో 23 వేల మందికి పైగా గర్భిణుల్ని చూశారు (మన దేశం అందులో లేదు, ఆ మాటా చెప్పుకోవాలి). తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ జాడ, సిజేరియన్లు మెట్లుమెట్లుగా పెరుగుతూనే పోయాయి. ఇదిగో ఇక్కడ ప్రమాదం మొదలైందని చూపించే గట్టు ఎక్కడా కనబడలేదు. గట్టు మనం కట్టుకున్నదే. కాబట్టి 138 నార్మల్, 141 షుగర్ అన్నది కాగితం మీద గీత. బిడ్డకి ఆ గీత తెలియదు.

ఇంట్లో వాళ్లకి చెప్పాల్సింది ఇది. గ్లూకోజ్ మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరుతుంది, తల్లి ఇన్సులిన్ మాత్రం దాటదు. వచ్చిన చక్కెరను సర్దుకోవడానికి బిడ్డ క్లోమమే ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. గర్భంలో ఆ ఇన్సులినే పెరుగుదల హార్మోనులా పనిచేస్తుంది. కొవ్వు పొట్ట దగ్గరా భుజాల దగ్గరా చేరుతుంది, కాలేయం పెద్దదవుతుంది. తల మీద ఆ ప్రభావం అంతగా పడదు. తల 48, పొట్ట 82 అన్న మీ రిపోర్టు సరిగ్గా ఆ బొమ్మే గీస్తోంది. భోజనం తర్వాతి షుగర్ కాసేపు ఎక్కి దిగుతుంది. ఫాస్టింగ్ ఎక్కువగా ఉందంటే రాత్రంతా ఎక్కువగానే ఉన్నట్టు.

పరీక్ష మళ్లీ చేయించొద్దు. గ్లూకోమీటరు కొనిపించి, ఆహారం సరిచేసి రెండు వారాలు చూడాలి. ఫాస్టింగ్ 95 లోపు, తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు ఉండాలి. పథ్యంతో రెండు గంటలది దిగుతుంది గానీ ఫాస్టింగ్ అంత తొందరగా మాట వినదు, ఎందుకంటే అది రాత్రిపూట కాలేయం వదిలే చక్కెర. వారంలో సగం రోజులు 95 దాటుతుంటే రాత్రి ఇన్సులిన్ గురించి డాక్టరు గారే చెబుతారు. "ఇన్సులిన్ అంటే బిడ్డకి ఇంజెక్షన్ వెళ్తుందా" అని అడుగుతారు, వెళ్లదు. మాయ దాటేది మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) చేయించి 5.4 ఉంది కాబట్టి షుగర్ లేదని వాదించేవాళ్లు కూడా వస్తారు. గర్భంలో ఎర్రకణాలు తొందరగా మారిపోతుంటాయి, ఆ అంకె తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఎక్కువ చూపిస్తుంది. మొదటి మూడు నెలల్లో 6.5 దాటితే పాత షుగరే అని పట్టుకోవడానికి పనికొస్తుంది, 26వ వారంలో లేదని తేల్చడానికి కాదు.

—

సీరం_ప్లాస్మా (గుంటూరు)

ట్యూబు సంగతి నేను చెబుతాను. ఆలస్యం వల్ల గ్లూకోజ్ ఎప్పుడూ తగ్గుతుంది, పెరగదు. ట్యూబులోనూ రక్తకణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. ఏ మందూ లేని ట్యూబులో గంటకి 5–7 శాతం పోతుంది. కాబట్టి 96 అన్నది తక్కువ చూపించిన అంకె అయి ఉంటుంది తప్ప ఎక్కువ చూపించినది కాదు. ఆలస్యం వల్ల షుగర్ ఉన్నవాళ్లు జారిపోతారు, లేనివాళ్లు ఇరుక్కోరు.

"ఫ్లోరైడ్ ఉందిగా" అంటారు. బూడిద మూతలో ఉన్న సోడియం ఫ్లోరైడ్ ఆ పనిని ఆపే మాట నిజమే గానీ వెంటనే ఆపదు. గ్లూకోజ్ విరిగే గొలుసులో అది పట్టుకునేది చివరి మెట్ల దగ్గరి ఎనొలేజ్ అనే ఎంజైముని. పైమెట్లన్నీ గంట, రెండు గంటలు నడుస్తూనే ఉంటాయి. తగ్గాల్సింది ఆలోపే తగ్గిపోయి, తర్వాత అంకె కదలకుండా నిలుస్తుంది. అందుకే రేపు పరీక్షించినా అదే వస్తుంది, అది చూసి మనం శాంపిల్ బాగుందనుకుంటాం. 97 ఉన్న ఫాస్టింగ్ 91కి జారితే రిపోర్టే మారిపోతుంది. ఫాస్టింగ్ గీత 92 దగ్గర ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

చేయగలిగింది: తీసిన ట్యూబుని ఐసు ముక్కలూ నీళ్లూ కలిపిన డబ్బాలో ముంచి, అరగంటలోపు సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పే యంత్రంలో) తిప్పి ప్లాస్మాని, అంటే కణాలు లేని ద్రవాన్ని, వేరుచేయడం. లేదా సిట్రేట్ కలిసిన గ్లూకోజ్ ట్యూబులు వాడటం, అవి మొదటి నిమిషం నుంచే ఆపుతాయి. కలెక్షన్ సెంటర్‌లో సెంట్రిఫ్యూజ్ లేకపోతే ఈ పరీక్షని అక్కడ ఒప్పుకోకపోవడమే మర్యాద. మే నెలలో బైకు పెట్టెలో మంగళగిరి నుంచి వచ్చే శాంపిల్ సంగతి వేరే చెప్పాలా.

ఇంకొకటి. ట్యూబు అడుగునా గోడలకీ తెల్లగా అంటుకుని ఉండేదే ఫ్లోరైడ్ పొడి. రక్తం పోశాక ట్యూబుని మెల్లగా 8–10 సార్లు తలకిందులు చేయకపోతే ఆ పొడి అక్కడే ఉండిపోతుంది, పైన రక్తం గడ్డకడుతుంది. అప్పుడు బూడిద మూత పేరుకే.

—

బ్రాడీపేట_ల్యాబ్

ఆలస్యం సంగతి తేలిపోయింది, థాంక్సండీ. మేం ఇన్నాళ్లూ ఉల్టాగా అనుకుంటున్నాం.

రెండు చిన్న సందేహాలు. మా దగ్గర 100 గ్రాముల గ్లూకోజ్ ప్యాకెట్లే వస్తాయి, స్పూన్‌తో కొలిచి కొంచెం తీసేస్తారు. దీనివల్ల ఎంత తేడా వస్తుంది? రెండోది, ఈమె ఇంట్లో మీటరులో తిన్న రెండు గంటలకి 128 వస్తే, అదే సమయానికి మా దగ్గర నరం నుంచి తీసిన దాంట్లో 109 వచ్చింది. మీటరు పాడైనట్టేనా?

—

సీరం_ప్లాస్మా

ప్యాకెట్ మీద డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజే) మోనోహైడ్రేట్, అంటే నీరు కలిసినది, అని ఉందో, అన్‌హైడ్రస్, అంటే నీరు లేనిది, అని ఉందో చూడండి. పరీక్ష అడిగే 75 గ్రాములు నీరు లేని గ్లూకోజ్. మోనోహైడ్రేట్ అయితే 82.5 గ్రాములు తూచాలి. 75 గ్రాముల మోనోహైడ్రేట్ ఇస్తే ఆమెకి అందేది 68 గ్రాములే. ప్యాకెట్ మొత్తం పోసేస్తే అటువైపు తప్పు. స్పూన్ లెక్క వద్దు, కిరాణా కొట్లో వాడే చిన్న డిజిటల్ తూకం చాలు. నిమ్మ, నారింజ రుచుల పొడులు అసలొద్దు. పంచదార కలిసి ఉంటే దాంట్లో సగం ఫ్రక్టోజ్, అది షుగర్ అంకెని అంతగా పెంచదు.

చల్లటి నీళ్లలో వికారం తక్కువ, కానీ గ్లాసు అడుగున కరగకుండా ముద్ద మిగులుతుంది. గోరువెచ్చటి నీళ్లు కొన్ని పోసి కరిగించి, తర్వాత చల్లనీళ్లతో 300 చేయండి. నాలుగు చుక్కల నిమ్మరసం ఫరవాలేదు. గడియారం చూసేది తాగడం మొదలుపెట్టిన క్షణం నుంచి. అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష పోయినట్టే, మర్నాడు మళ్లీ పెట్టాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. ఆ రెండు గంటలూ కుర్చీలోనే ఉండాలి. "ఈలోపు బీసెంట్ రోడ్డులో చీరలు చూసొస్తాం" అంటారు. నడిస్తే కండరాలు గ్లూకోజ్‌ని లాగేసుకుంటాయి, 150 రావాల్సింది 135 వస్తుంది.

మీటరు పాడవలేదు. ఫాస్టింగ్‌లో వేలిరక్తం, నరం రక్తం దాదాపు సమానంగా ఉంటాయి. తిన్నాక వేలిరక్తంలో ఎక్కువ ఉండటం సహజం, పైగా మీటరుకి 15 శాతం వరకూ తేడా ఒప్పుకున్నారు. రక్తహీనత ఉంటే మీటరు ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది, హీమోగ్లోబిన్ చూసుకోండి. ఇంటి టార్గెట్లు పెట్టుకున్నది వేలిరక్తాన్ని ఉద్దేశించే. కాబట్టి 128ని 128గానే తీసుకోవాలి, "ల్యాబులో 109 కదా" అని కొట్టేయకూడదు.

మామిడిపండు కోసిన చేత్తో పరీక్ష చేస్తే మాత్రం ఆ అంకెకి విలువ లేదు. వేలికంటిన రసం రక్తపు చుక్కలో కలిసి చాలా ఎక్కువ చూపిస్తుంది. స్పిరిట్ దూదితో తుడిస్తే పూర్తిగా పోదు. సబ్బునీళ్లతో కడిగి, బాగా తుడుచుకుని గుచ్చాలి.

—

ప్రోబ్_పట్టినవాడు (విజయవాడ)

స్కాన్ గురించి. పొట్ట చుట్టుకొలత 82 అంటే జబ్బు కాదు, కానీ తోసిపుచ్చేదీ కాదు. షుగర్ ఉన్న తల్లికి 28–32 వారాల మధ్య పొట్ట 75వ పర్సంటైల్ దాటితే, షుగర్ టార్గెట్లు ఇంకొంచెం గట్టిగా పట్టుకోవడానికి దాన్ని గుర్తుగా వాడతారు. కిలోల అంకె ఇంత తొందరగా మాట్లాడదు. ఆ బరువు తల, పొట్ట, తొడ ఎముకలని ఒక సూత్రంలో వేసి తీసింది. పొట్ట పెరుగుదలని మిగతా రెండూ కప్పేస్తాయి. నెలలు నిండే సమయానికి ఆ అంచనాలో 15 శాతం దాకా తేడా రావచ్చు. 3.4 కిలోలు అని రాస్తే 2.9 నుంచి 3.9 దాకా ఏదైనా కావచ్చు. దాన్ని పట్టుకుని సిజేరియన్‌కి ముహూర్తం పెట్టించుకునేవాళ్లున్నారు, ఏం చేస్తాం.

ఆ 82 నిజమా కాదా చూడాలంటే బొమ్మ చూడండి. పొట్ట గుండ్రంగా ఉండాలి, బిడ్డ జీర్ణాశయం ఒక నల్ల బుడగలా కనబడాలి, బొడ్డు సిర కాలేయంలో వంపు తిరిగే చోటు కొక్కెంలా కనబడాలి. కిడ్నీ కనబడితే కిందికి కోసినట్టు, గుండె కనబడితే పైకి. కోత ఏటవాలుగా పడితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది, కొలత పెరుగుతుంది. ప్రోబ్‌ని (పొట్ట మీద పెట్టే స్కాన్ పరికరాన్ని) గట్టిగా అదిమినా ఆకారం పోతుంది.

దానికంటే ముందు డేటు. పర్సంటైల్ అంతా వారాల మీదే ఆధారం. 11–14 వారాల స్కాన్‌లో బిడ్డ పొడవుని బట్టి తీసిన డెలివరీ డేటుని చివరిదాకా మార్చకూడదు. బిడ్డ పెద్దగా ఉంది కదా అని 30వ వారంలో డేటు ముందుకి జరిపితే, షుగర్ వల్ల పెరిగిన బిడ్డ కాగితం మీద నార్మల్ అయిపోతుంది. ఈ తప్పు తరచుగా కనబడేదే.

మార్గదర్శకాల ప్రకారం పెరుగుదల స్కాన్లు 28–30 వారాల్లో ఒకటి, 34–36లో ఒకటి, మధ్య కనీసం మూడు వారాలు. పదిరోజులకే మళ్లీ చేయిస్తే కనబడేది బిడ్డ పెరుగుదల కాదు, కొలతల్లో పొరపాటు. 34కి పొట్ట 82 నుంచి 70కి వస్తే ఆహారం పనిచేస్తోందని అర్థం. 92కి ఎక్కి, ఉమ్మనీరు లోతైన జేబు 8 సెం.మీ. దాటితే ఇంట్లో మీటరు అంకెలు రాసుకునే షుగర్ పుస్తకం తెరిచి చూడాలి. పొట్ట పదో పర్సంటైల్ కిందికి జారితే అదీ ప్రమాదమే. బీపీ, మాయలో రక్తప్రసరణ, తల్లి తిండి మూడూ చూడాలి.

—

పథ్యం_పెసరట్టు (గుంటూరు)

ఆ చివరి వాక్యం దగ్గర నేను అందుకుంటాను. షుగర్ అనగానే ఇంట్లో మొదట చేసేది అన్నం మానిపించడం. రాత్రి రెండు పుల్కాలు, పొద్దున రాగిజావ, మధ్యాహ్నం పిడికెడు కొర్రలు. మీటరు అంకెలు అద్భుతంగా వస్తాయి, తల్లి బరువు తగ్గుతుంది, మూత్రంలో కీటోన్లు (తిండి చాలక ఒళ్లు కొవ్వు కరిగించుకుంటోందనడానికి గుర్తు), బిడ్డ చిన్నది. రోజుకి కనీసం 175 గ్రాముల పిండిపదార్థం గర్భిణికి కావాలి. వండిన అన్నం 150 గ్రాములకి, అంటే ఓ కప్పు సర్దితే, దాదాపు 40 గ్రాములు. కాబట్టి మధ్యాహ్నం కప్పు, కప్పున్నర అన్నం నిరభ్యంతరంగా తినొచ్చు. పక్కన పప్పు, కూర అన్నం కంటే ఎక్కువ ఉండాలి. గోంగూర పప్పుతో ఏ ఇబ్బందీ లేదు.

చిక్కంతా పొద్దున టిఫిన్ దగ్గర. ఉదయం పూట ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు. మధ్యాహ్నం ఇబ్బంది పెట్టని పిండి అప్పుడు షుగర్ ఎక్కిస్తుంది. నాలుగు ఇడ్లీలు, గ్లాసు పాలు, అరటిపండు ఒకేసారి పడితే 170 చూపిస్తుంది. రెండు ఇడ్లీలకి గిన్నెడు సాంబారు, లేదా పెసరట్టు ఒకటిన్నర. ఉప్మా పెసరట్టు కాదండోయ్, విజయవాడ వాళ్లకి విడిగా చెప్పాలి. లోపలి ఉప్మా ఇంకో టిఫినుతో సమానం. అల్లం పచ్చడిలో బెల్లం పడుతుంది, దాన్నీ గుర్తుపెట్టుకోండి, పల్లీ చట్నీ మేలు. పండు పదకొండింటికి.

రాగులు మంచివే, జావ మంచిది కాదు. పిండిని పలచగా ఉడికించి తాగితే నమలాల్సిన పని లేదు, నేరుగా దిగిపోతుంది. అదే పిండితో రొట్టె చేసి కూరతో తింటే నెమ్మదిగా ఎక్కుతుంది. బత్తాయి రసం, చెరకు రసం, కొబ్బరినీళ్లు రెండు బొండాలు, ఇవన్నీ తాగేవి కాబట్టి లెక్కలోకి రావనుకుంటారు. శ్రీమంతం ఏడో నెలలో పడితే ఆ వారం పుస్తకంలో అంకెలు చూడనక్కర్లేదు, స్వీట్ల పేర్లు చెప్పేయొచ్చు.

బీపీటీ బియ్యం షుగర్‌కి మంచిదని కొట్లో చెబుతారు. తక్కువ గ్లైసీమిక్ సూచిక (తిన్నాక షుగర్‌ని ఎంత వేగంగా ఎక్కిస్తుందో చెప్పే అంకె) అని కొలిచి చెప్పింది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204ని తెగులు తట్టుకునేలా మార్చిన ఒక రకం గురించి. బస్తా మీద బీపీటీ అని ఉన్నదంతా అది కాదు. ఏ బియ్యమైనా కప్పు కప్పే.

ఫాస్టింగ్ 96 ఉన్నవాళ్లకి రెండు మాటలు: రాత్రి భోజనం ఎనిమిదికల్లా, ఆ తర్వాత 15 నిమిషాల నడక, పడుకునే ముందు పంచదార లేని చిన్న గ్లాసు పాలు, నాలుగు బాదంగింజలు. ఆకలితో పడుకుంటే తెల్లారి తగ్గుతుందనుకోవద్దు, కొందరికి పెరుగుతుంది.

—

బ్రాడీపేట_ల్యాబ్

చాలా సంతోషమండీ. 34 వారాలకి బిడ్డ ఊపిరితిత్తులు ఎదగడానికి తల్లికి ఇంజెక్షన్ ఇస్తామంటున్నారట, అప్పుడు మా దగ్గరికి షుగర్‌కి పంపితే ఎలా చదవాలి? కాన్పు తర్వాత ఈమెకి మళ్లీ పరీక్ష ఉంటుందా?

—

కాన్పులగది

ఆ ఇంజెక్షన్ నెలలు నిండకముందే కాన్పు అయ్యే సూచన ఉంటేనే ఇస్తారు, షుగర్ ఉందని ఊరికే ఇచ్చేది కాదు, ఎందుకో అడగమనండి. ఇస్తే మాత్రం స్టెరాయిడ్ కాబట్టి కొన్ని రోజులు షుగర్ ఎగురుతుంది. ఆ వారంలో వచ్చిన అంకెలని బట్టి కొత్తగా షుగర్ అని ముద్ర వేయకూడదు. ఇదివరకే ఉన్నవాళ్లయితే రోజుకి నాలుగైదుసార్లు మీటరులో చూస్తూ మందు సర్దాలి.

పుట్టగానే బొడ్డు కోయడంతో తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం అప్పటి జోరులోనే ఉంటుంది. అందుకే గంటలోపు తల్లిపాలు పట్టించి, బిడ్డ మడమ నుంచి షుగర్ చూస్తారు. ఆ చుక్కలు మీ ల్యాబ్‌కి వస్తే వరసలో పెట్టకండి, ముందు అవే చూడండి.

తల్లికి కాన్పయిన ఆరు వారాలకి మళ్లీ 75 గ్రాములు, ఈసారి తప్పనిసరిగా పరగడుపున. ఫాస్టింగ్ 126 లేదా రెండు గంటలకి 200 వస్తే మామూలు షుగర్ జబ్బు, రెండు గంటలది 140–199 అయితే అంచున ఉన్నట్టు. ఇక్కడ 92, 153 గీతలు పనిచేయవు, అవి గర్భానికే. మీ రిపోర్టు ఫారంలో "గర్భిణి / కాన్పు తర్వాత" అని ఒక గడి పెట్టండి. అది లేక ఆరు వారాల తల్లికి ఫాస్టింగ్ 94 చూసి "గర్భధారణ షుగర్" అని రాసిన కాగితాలు వస్తుంటాయి.